ఇంగ్లీషు అవ్యయాలూ, తెలుగు వాక్యమూ

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం చేసేవారు నిఘంటువు తెరిచేది సాధారణంగా పెద్ద మాటల కోసం. తత్త్వశాస్త్రంలోని పారిభాషిక పదమో, ఓడలో ఒక భాగం పేరో, ఈ దేశంలో పూయని పూవు పేరో ఎదురైతే వెదకి పట్టుకోక తప్పదు. బిఫోర్, ఆఫ్టర్, సిన్స్, అంటిల్, యాజ్, లైక్, దాన్, బట్, ఫర్ వంటి మాటల కోసం నిఘంటువు తెరిచేవారు అరుదు. అవి బడిలోనే వచ్చిన మాటలు. కొత్తగా తెలుసుకోవలసినది ఏమున్నదని అనిపిస్తుంది. అయితే పెద్ద మాట తప్పితే ఒక వస్తువు మరొక వస్తువవుతుంది, అంతే. ఈ చిన్న మాట తప్పితే ఏది ముందు జరిగినదో, ఏది దేనికి కారణమో, ఎవరు ఎవరిని ఎక్కువగా ప్రేమించారో తారుమారవుతుంది. నవలలో కథ నడిచేది ఈ సంబంధాల మీదనే గనుక, ఈ మాటల నడవడిని కొంచెం నిదానించి చూడడం అవసరం.

వీటన్నింటికీ ఉన్న సమానధర్మం ఒకటే: రూపం మారదు, పని మారుతుంది. ‘ఆఫ్టర్ ది రెయిన్’ అంటే వాన తరువాత. ‘ఆఫ్టర్ ఇట్ రెయిన్డ్’ అంటే వాన కురిసిన తరువాత. మొదటిచోట ఆఫ్టర్ అనే మాట ఒక నామాన్ని పట్టుకొని ఉన్నది. రెండవచోట కర్తా, సమాపక క్రియా ఉన్న నిండు వాక్యాన్ని పట్టుకొని ఉన్నది. బడి వ్యాకరణం మొదటిదాన్ని ప్రిపొజిషన్ అంటుంది, రెండవదాన్ని కంజంక్షన్ అంటుంది. తెలుగు పాఠశాలలలో మొదటిదాన్ని విభక్తి ప్రత్యయానికి దగ్గర చుట్టంగానూ, రెండవదాన్ని సముచ్చయంగానూ చెప్పడం వాడుక.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, పాఠకుడికి ఆ మాట కనబడిన క్షణాన అది ఏ పని చేయబోతున్నదో తెలియదు. ‘హి నెల్ట్ బిఫోర్ ది కింగ్’ అని వాక్యం ఆగిపోతే, అతడు రాజు ఎదుట మోకరిల్లాడని అర్థం. అదే వాక్యం ‘హి నెల్ట్ బిఫోర్ ది కింగ్ కుడ్ స్పీక్’ అని సాగితే, రాజు నోరు విప్పక ముందే అతడు మోకరిల్లాడని అర్థం. కింగ్ అనే మాట దాకా రెండూ ఒక్కటే. తరువాత క్రియ వచ్చిందా లేదా అన్నదే నిర్ణయం చేస్తుంది. ప్రిపొజిషన్‌గా ఉన్న బిఫోర్‌కు స్థలమూ కాలమూ రెండూ అర్థాలు. కంజంక్షన్‌గా మారితే స్థలమనే అర్థం పూర్తిగా రాలిపోతుంది. తెలుగు ‘ముందు’ కూడా స్థలకాలాలు రెండింటినీ చెప్పే మాటే. కాని తెలుగు ఆ భేదాన్ని పక్కనున్న నామం మీదనే గుర్తు పెట్టి చూపిస్తుంది. ‘ఇంటి ముందు’ అంటే స్థలం. ‘పెళ్ళికి ముందు’ అంటే కాలం. ‘రాజు ముందు మాట్లాడాడు’, ‘రాజుకు ముందు మాట్లాడాడు’ అన్న వాక్యాలలో తేడా ఒక్క కు-వర్ణకంతో తేలిపోతున్నది.

ఇంగ్లీషులో అట్లాంటి గుర్తు సర్వనామాలకు మాత్రమే మిగిలింది. ‘ఆఫ్టర్ హిమ్’ అన్నప్పుడు హిమ్ అనే రూపమే అది ప్రిపొజిషన్ అని చెబుతుంది. ‘ఆఫ్టర్ హి’ అని కనబడితే ముందు క్రియ రాబోతున్నదని గ్రహించవచ్చు. యూ, ఇట్ అనే వాటికి ఆ సౌకర్యం లేదు. నామవాచకాలకు అసలే లేదు. ఇంగ్-అంతమైన రూపం వస్తే, ఉదాహరణకు ‘బిఫోర్ లీవింగ్’ అంటే, అది క్రియలాగా కనబడినా నామం కిందనే లెక్క. కనుక అక్కడ బిఫోర్ ప్రిపొజిషనే.

ఒకే మాట రెండు వర్గాలలోకి ఎట్లా వచ్చిందో చరిత్రను అడిగితే జవాబు సులభంగానే దొరుకుతుంది. ప్రాచీనాంగ్లంలో ఆఫ్టర్ ఒంటరిగా వాక్యాన్ని పట్టుకొనేది కాదు. దాని తరువాత ‘అది’ అనే అర్థమిచ్చే సర్వనామం, చతుర్థీ రూపంలో, వచ్చేది. ఆపైన వాక్యాన్ని తగిలించే మరొక చిన్న అవ్యయం, ఆపైన వాక్యం. అంటే ‘దాని తరువాత, ఏదనగా వాన కురిసినది’ అన్నట్లుగా నిర్మాణం ఉండేది. అక్కడ ఆఫ్టర్ నిక్కచ్చిగా ప్రిపొజిషనే. అది పట్టుకొన్నది సర్వనామాన్ని. కాలక్రమాన ఆ సర్వనామం స్థానంలో దట్ అనే మాట స్థిరపడ్డది. ‘ఆఫ్టర్ దట్’, ‘బిఫోర్ దట్’, ‘ఫర్ దట్’ అనే జంటలు మధ్యయుగపు ఇంగ్లీషులో విస్తారం. 1611లో వెలువడిన ఇంగ్లీషు బైబిలులో కూడా వాక్యానికి ముందు ‘ఆఫ్టర్ దట్’ అన్న ప్రయోగం నిలిచే ఉన్నది. ఆ తరువాత దట్ కూడా జారిపోయింది. సర్వనామం పోయినా ప్రిపొజిషన్ మిగిలింది. మిగిలి, వాక్యాన్ని నేరుగా పట్టుకొన్నది. దానికే కంజంక్షన్ అని పేరు పెట్టారు.

సిన్స్ చరిత్ర ఇంకా విచిత్రం. దాని తొలిరూపంలో ‘తరువాత’ అనే మాటా, ‘దాని’ అనే మాటా రెండూ కలిసిపోయి ఉన్నాయి. నేటి సిన్స్ కడుపులో ఒక సర్వనామం అరిగిపోయి కనబడకుండా ఉన్నది. బికాజ్ అన్నది ‘బై’ అనే ప్రిపొజిషనూ, ఫ్రెంచి ద్వారా వచ్చిన ‘కాజ్’ అనే నామమూ కలిసిన మాట: ‘కారణం చేత’. అది మొదట దట్‌ను తోడు చేసుకొని వాక్యాన్ని పట్టింది. ఇప్పుడు వాక్యానికి ముందు ఒంటరిగానూ, నామానికి ముందు ‘ఆఫ్’ తోడుగానూ వస్తున్నది. వైల్ అయితే ‘కొంత కాలం’ అనే అర్థమున్న నామమే.

ఈ చరిత్రను ఎరిగినవారికి రెండు వర్గాల విభజన మీద అనుమానం రాక మానదు. డెన్మార్కు భాషావేత్త ఆటో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన వ్యాకరణతత్త్వ గ్రంథంలో ఆ అనుమానాన్ని బాహాటంగా చెప్పాడు. ఒక క్రియ ఒకచోట నామాన్ని కర్మగా తీసుకొంటుంది, మరొకచోట వాక్యాన్ని తీసుకొంటుంది, వేరొకచోట ఏదీ తీసుకోకుండా నిలుస్తుంది. అంతమాత్రాన దాన్ని మూడు వేరు వేరు భాషాభాగాలుగా ఎవ్వరూ చీల్చరు. అట్లాంటప్పుడు బిఫోర్, ఆఫ్టర్ వంటి మాటలను మాత్రం ప్రిపొజిషన్, కంజంక్షన్, ఆడ్వెర్బ్ అని మూడుగా ఎందుకు చీల్చాలి? ఇది ఆయన వాదం. చాలాకాలం ఇది పండితుల మధ్యనే ఉండిపోయింది. 2002లో హడ్‌ల్‌స్టన్, పుల్లమ్‌ల సంపాదకత్వాన వెలువడిన కేంబ్రిడ్జి ఇంగ్లీషు వ్యాకరణం ఈ మార్గాన్నే అనుసరించి, ఆఫ్టర్, బిఫోర్, సిన్స్ మొదలైనవి వాక్యాన్ని పట్టినప్పుడు కూడా ప్రిపొజిషన్లే అని నిర్ణయించింది. పాఠ్యపుస్తకాలు మాత్రం పాత పేర్లనే పట్టుకొని ఉన్నాయి.

సంస్కృత వ్యాకరణం చదువుకొన్నవారికి ఈ చర్చ కొత్తగా తోచదు. ‘ప్రతి’, ‘అను’, ‘అభి’ వంటి నిపాతాలు క్రియతో కలిసినప్పుడు వాటిని పాణిని ఉపసర్గలన్నాడు. అవే క్రియతో పొత్తు లేకుండా నామంతో సంబంధాన్ని తెలిపితే కర్మప్రవచనీయాలన్నాడు. అప్పుడు ఆ నామానికి ద్వితీయా విభక్తి రావడం సామాన్య విధి. మాట ఒకటే, జాతి ఒకటే. యోగాన్ని బట్టి పేరు. పదానికి పుట్టుకతో వచ్చే వర్గం కంటె అది వాక్యంలో దేనితో కూడిందో చూడాలన్న ఈ దృష్టి ఇంగ్లీషు అవ్యయాలకు చక్కగా సరిపోతుంది. అనువాదకుడికి కావలసినది కూడా ఇదే. పేరు ఏది పెట్టినా ఫరవాలేదు. ఆ మాట పట్టుకొన్నది నామాన్నా, వాక్యాన్నా అన్నది మాత్రం అతనికి స్పష్టంగా తెలియాలి. ఎందుకనగా తెలుగులో ఆ రెండింటికీ దారులు వేరు.

తెలుగు వాక్యానికి సామాన్యంగా సమాపక క్రియ ఒక్కటే. అది చివర ఉంటుంది. తక్కిన క్రియలన్నీ అసమాపకాలై దాని ముందు వరుసగా నిలుస్తాయి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం, అప్యర్థకం అని వివరించిన రూపాలు ఇవే. ఇంగ్లీషు కంజంక్షన్ చేసే పనిని తెలుగులో చాలావరకు క్రియ చివరి భాగమే చేస్తుంది. ‘వచ్చి’, ‘వస్తూ’, ‘వస్తే’, ‘వచ్చినా’ అన్న నాలుగు రూపాలలో ఇంగ్లీషువారి నాలుగు కంజంక్షన్లు ఇమిడి ఉన్నాయి. కాబట్టి ఆఫ్టర్ కనబడగానే ‘తరువాత’ అని వ్రాయవలసిన పని అన్నిచోట్లా లేదు. ‘ఆఫ్టర్ హి హాడ్ ఈటెన్, హి స్లెప్ట్’ అంటే ‘తిని పడుకొన్నాడు’. ‘అతడు తిన్న తరువాత అతడు పడుకొన్నాడు’ అన్నది వ్యాకరణదృష్టితో తప్పు కాకపోయినా తెలుగు చెవికి ఎవరో ఇద్దరు మనుషుల సంగతిగా వినిపిస్తుంది.

అయితే క్త్వార్థకానికి ఏకకర్తృకత్వం కావాలన్న నియమం సంస్కృతం నుంచి వచ్చినదే గాని, తెలుగు దాన్ని తన మర్యాదలో సడలించుకొన్నది. ‘వాన కురిసి చెరువు నిండింది’ అంటే కర్తలు ఇద్దరైనా వాక్యం నిండుగా ఉన్నది. అందులో కాలంతోపాటు కారణం కూడా ధ్వనిస్తున్నది. ‘వాన వెలిసి అతడు ఇంటికి వెళ్ళాడు’ అంటే మాత్రం ఏదో కుంటినట్లున్నది. అక్కడ ‘వెలిసిన తరువాత’ అనో ‘వెలియగానే’ అనో అనవలసిందే. ఈ తారతమ్యాన్ని ఇంగ్లీషు ఆఫ్టర్ చూపదు, అనువాదకుడే కల్పించుకోవాలి.

బిఫోర్ దగ్గర తెలుగు ఒక విశేషమైన పద్ధతి పాటిస్తుంది. నామంతో ‘సూర్యోదయానికి ముందు’ అని చెప్పే భాష, వాక్యం వచ్చేసరికి ‘తెల్లవారక ముందు’, ‘పెళ్ళి కాక ముందు’, ‘అతడు రాక ముందు’ అని క్రియను వ్యతిరేకంలో పెడుతుంది. తర్కం సరిగానే ఉన్నది. ఒక పని జరుగక ముందు అంటే అది ఇంకా జరుగలేదనే కదా. ఇంగ్లీషు వాక్యంలో ఈ వ్యతిరేకం జాడ లేదు కనుక, దాన్ని మాటకు మాటగా దింపేవారు ‘అతడు వచ్చే ముందు’ అని వ్రాస్తారు. ‘వచ్చే ముందు’ కూడా తెలుగే. కాని ఆ రెండూ ఒకటి కావు. ‘పడుకొనే ముందు పాలు తాగాడు’ అన్నప్పుడు పడుకోవడం నిశ్చయం, తాగడం దాన్ని ఆనుకొని జరిగింది. ‘పడుకోక ముందు పాలు తాగాడు’ అంటే ఎంతసేపటి కింద అన్నది తెలియదు. ఇక ‘పోలీసులు వచ్చే ముందు అతడు పారిపోయాడు’ అన్న వాక్యం వింటే, పోలీసుల రాక అతనికి ముందే తెలిసి ఉన్నదా అన్న సందేహం కలుగుతుంది. ‘పోలీసులు రాక ముందే’ అంటే ఆ సందేహం రాదు. పైగా రానే రాని పనికి కూడా ఇంగ్లీషు బిఫోర్ చెల్లుతుంది. వాక్యం పూర్తి చేయక ముందే మరణించినవాడు ఆ వాక్యం ఎన్నడూ పూర్తి చేయలేదు. అక్కడ ‘పూర్తి చేసే ముందు మరణించాడు’ అని వ్రాస్తే, చచ్చిపోయినవాడు లేచి వాక్యం పూర్తి చేసినట్లున్నది.

అంటిల్ విషయంలో ‘వరకు’, ‘దాకా’ అన్నవి నామంతోనూ క్రియాజన్య విశేషణంతోనూ సమానంగా నడుస్తాయి: సాయంత్రం దాకా, అతడు వచ్చేదాకా. హిందీ ఇక్కడ ‘జబ్ తక్’తో ఉపవాక్యాన్ని వ్యతిరేకంలో పెడుతుంది. హిందీ నుంచి అనువదించేవారు ఆ వ్యతిరేకాన్ని యథాతథంగా తెచ్చి ‘అతడు రానంతవరకు’ అనడం కద్దు. దాని అర్థం కొంచెం వేరు: రాకుండా ఉన్న కాలమంతా అని. ఇంగ్లీషు నుంచి చేసేవారికి ఎదురయ్యే చిక్కు మరొకటి. ప్రధానవాక్యం వ్యతిరేకంలో ఉన్నప్పుడు అంటిల్‌కు తెలుగులో అందమైన నుడి ఉన్నది, దాన్ని మరచి ‘వరకు’తోనే సరిపెట్టుకొంటారు. ‘సాయంత్రం వరకు రాలేదు’ అంటే ఆ తరువాతనైనా వచ్చాడో లేదో తేలదు. ‘సాయంత్రానికి గాని రాలేదు’ అంటే వచ్చాడు, ఆలస్యంగా వచ్చాడు. వాక్యమైతే చేదర్థకం వస్తుంది: ‘తండ్రి పిలిస్తే గాని కదలలేదు’, ‘వాన వెలిస్తే గాని బండి కట్టలేదు’. నామానికి చతుర్థి, క్రియకు చేదర్థకం, రెంటికీ ‘గాని’. ఇంగ్లీషు ప్రిపొజిషన్, కంజంక్షన్ల జంటకు ఇంత సరిగ్గా అమరే తెలుగు జంట మరొకటి లేదేమో.

సిన్స్ దగ్గర వర్గ నిర్ణయం నేరుగా అర్థాన్నే నిర్ణయిస్తుంది. నామాన్ని పట్టిన సిన్స్ కాలాన్నే చెబుతుంది, కారణాన్ని ఎన్నడూ చెప్పదు. ‘సిన్స్ ది వార్’ అంటే యుద్ధం నాటి నుంచి. ‘యుద్ధం వలన’ అని ఎన్నటికీ కాదు. వాక్యాన్ని పట్టిన సిన్స్‌కు రెండు అర్థాలు: అప్పటి నుంచి అనీ, కాబట్టి అనీ. ‘సిన్స్ హిజ్ వైఫ్ లెఫ్ట్, హి హాజ్ బీన్ డ్రింకింగ్’ అన్న వాక్యంలో భార్య వెళ్ళిపోయినప్పటి నుంచి తాగుతున్నాడని ఒక అర్థం. వెళ్ళిపోయినందువల్ల తాగుతున్నాడని మరొక అర్థం. ప్రధానక్రియ ‘హాజ్ బీన్’ రూపంలో ఉన్నది గనుక కాలార్థానికే బలమెక్కువ. కారణం నీడలాగా వెనుక ఉన్నది. అదే ‘సిన్స్ హిజ్ వైఫ్ ఈజ్ అవే, హి ఈట్స్ అవుట్’ అంటే కారణమే తప్ప వేరు గతి లేదు. తెలుగు ఈ రెండింటినీ కలిపి ఒక మాటలో చెప్పలేదు. ‘వెళ్ళిపోయినప్పటి నుంచి’ అంటే కారణం అణగిపోతుంది. ‘వెళ్ళిపోయింది కాబట్టి’ అంటే కాలం పోతుంది. మూలరచయిత బుద్ధిపూర్వకంగా రెండింటి మధ్య నిలబడ్డచోట అనువాదకుడు ‘భార్య వెళ్ళిపోయింది, అప్పటి నుంచి తాగుడే’ అని రెండు ముక్కలు చేస్తే, కారణాన్ని పాఠకుడే ఊహించుకొంటాడు. ఇది ఒక ఉపాయం మాత్రమే, అన్నిచోట్లా చెల్లదు.

‘కాబట్టి’ అన్న మాట పుట్టుక ఇక్కడ జ్ఞాపకానికి వస్తుంది. అది ‘కాన్’, ‘పట్టి’ అన్న రెండింటి కలయిక. ‘వలన, కంటె, పట్టి’ అని తెలుగు పిల్లలు వల్లించే పంచమీ విభక్తిలోని ‘పట్టి’యే అది. ‘నీ మాటను బట్టి’ అన్నప్పుడు నామాన్ని పట్టుకొన్న ప్రత్యయం, ‘నీవు చెప్పావు కాబట్టి’ అన్నప్పుడు నిండు వాక్యాన్ని పట్టుకొన్నది. ఇంగ్లీషు బికాజ్ నడిచిన దారిలో తెలుగు ‘పట్టి’ కూడా నడిచిందన్నమాట. రెండు భాషలకూ చుట్టరికం లేదు; అవసరం ఒకటే.

యాజ్ చేసే పనులు ఇంకా ఎక్కువ. నామాన్ని పట్టినప్పుడు అది హోదాను చెబుతుంది: ‘యాజ్ ఎ ఫాదర్’ అంటే తండ్రిగా. వాక్యాన్ని పట్టినప్పుడు కాలం, కారణం, రీతి అన్న మూడింటిలో ఏదైనా కావచ్చు. లైక్ నామాన్ని పట్టి పోలికను చెబుతుంది: ‘లైక్ ఎ ఫాదర్’ అంటే తండ్రివలె. ‘తండ్రిగా మందలించాడు’ అంటే అతడు తండ్రే. ‘తండ్రివలె మందలించాడు’ అంటే తండ్రి కాడు. ఇటీవలి తెలుగు వచనంలో ఈ రెంటికీ ‘లాగా’ అన్న ఒక్క మాటనే వాడడం పెరుగుతున్నది. ‘అధ్యక్షుడిలాగా మాట్లాడాడు’ అని వ్రాస్తే, నిజంగా అధ్యక్షుడైనవాణ్ణి వేషగాణ్ణి చేసినట్లవుతుంది.

లైక్‌ను కంజంక్షన్‌గా వాడవచ్చునా అన్న తగవు ఇంగ్లీషులో పాతది. శతాబ్దాలుగా జనం వాడుతున్నా, పండితులు అక్కడ యాజ్ ఉండాలని పట్టుబట్టారు. 1926లో ఫౌలర్ తన ప్రయోగ నిఘంటువులో దీన్ని చర్చించాడు. 1954లో అమెరికాలో విన్‌స్టన్ సిగరెట్ల ప్రకటన ఒకటి యాజ్ ఉండవలసినచోట లైక్‌ను పెట్టి దేశమంతటా మారుమోగితే, భాష చెడిపోతున్నదని విద్యావంతులు మండిపడ్డారు. ఆ కోలాహలంతో సిగరెట్టుకు మరింత ప్రచారం దక్కింది. ఇంగ్లీషువారు ఇంత రచ్చ చేసి నిలబెట్టదలచిన గీతను తెలుగు వ్యాకరణం నిశ్శబ్దంగా గీసి ఉంచింది. నామమైతే ‘వలె’: తండ్రివలె. క్రియ అయితే ‘అట్లు’: తండ్రి చెప్పినట్లు. ‘చెప్పినవలె’ అని ఏ తెలుగువాడూ అనడు. కాబట్టి మూలంలోని పాత్ర చదువురాక లైక్ అన్నదా, చదువుకొని యాజ్ అన్నదా అన్న భేదాన్ని ఇక్కడ చూపడానికి వీలు లేదు. దాన్ని వేరొక చోట, ఉచ్చారణలోనో పలుకుబడిలోనో, చూపవలసి ఉంటుంది.

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది దాన్. తరువాత లండన్ బిషప్ అయిన రాబర్ట్ లౌత్ 1762లో ప్రకటించిన ఇంగ్లీషు వ్యాకరణంలో, దాన్ కంజంక్షన్ అనీ, దాని తరువాత లుప్తమైన క్రియను ఊహించుకొని సర్వనామానికి విభక్తి పెట్టాలనీ నియమించాడు. కర్త అయితే ‘దాన్ ఐ’, కర్మ అయితే ‘దాన్ మీ’. నియమం తార్కికంగా ఉన్నది గాని, మిల్టన్ మహాకావ్యంలో కనబడే ‘దాన్ హూమ్’ అన్న ప్రయోగం దానికి లొంగదు. లౌత్ దాన్ని మినహాయింపుగా ఒప్పుకోవలసి వచ్చింది. మాటలాడే జనం మాత్రం అన్నిచోట్లా ‘దాన్ మీ’ అంటూ దాన్‌ను ప్రిపొజిషన్‌గానే చూస్తున్నారు. శ్రద్ధగా వ్రాసే రచయితల వాక్యాలలో ఆ భేదం ఇంకా సజీవం. ‘షి లవ్డ్ ది బాయ్ మోర్ దాన్ హి’ అంటే, భర్త ఆ కుర్రవాణ్ణి ప్రేమించినదానికంటె ఆమె ఎక్కువగా ప్రేమించింది. ‘దాన్ హిమ్’ అంటే, ఆమె భర్తను ప్రేమించినదానికంటె కుర్రవాణ్ణి ఎక్కువగా ప్రేమించింది. ఒక అక్షరం తేడాతో కాపురం కథే మారిపోతున్నది.

తెలుగులో ‘ఆమె అతనికంటె కుర్రవాణ్ణి ఎక్కువగా ప్రేమించింది’ అని వ్రాస్తే పాఠకుడు రెండవ అర్థాన్నే తీసుకొంటాడు. మూలంలో హి ఉండి, ఈ వాక్యం వ్రాసినట్లయితే, లేని మనస్పర్థ ఒకటి ఆ దంపతుల మధ్య పుట్టుకొస్తుంది. ‘కంటె’ నిక్కమైన విభక్తి ప్రత్యయం కావడమే ఇందుకు కారణం. అది తన ముందున్న నామం కర్తయో కర్మయో తెలియకుండా మింగివేసి, ‘అతని-’, ‘నా-’ అన్న ప్రాతిపదికను మాత్రం మిగులుస్తుంది. మార్గాంతరం క్రియను బయటికి తేవడం: ‘అతనికంటె ఆమెకే ఆ కుర్రవాడి మీద ప్రేమ ఎక్కువ’ అనవచ్చు, ‘అతడు ప్రేమించినదానికంటె’ అనీ అనవచ్చు. మొదటిది తెలుగు పోకడ, రెండవది బరువు.

బట్‌లో ఇందుకు విరుద్ధమైన పరిస్థితి. ‘కాని’ అనే అర్థంలో అది అందరికీ తెలిసినదే. ‘తప్ప’ అనే అర్థంలో వచ్చినప్పుడు, దాని తరువాత హి ఉండాలా హిమ్ ఉండాలా అని ఇంగ్లీషు వైయాకరణులు నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. తెలుగు ‘తప్ప’కు ఆ సందేహమే లేదు. అతడు తప్ప ఎవరూ రాలేదు, అతణ్ణి తప్ప ఎవరినీ పిలువలేదు, అతనికి తప్ప ఎవరికీ ఇవ్వలేదు. వాక్యంలో ఆ నామానికి ఏ విభక్తి న్యాయమో అదే నిలుస్తుంది. లౌత్ దాన్‌కు విధించాలని చూసిన నియమాన్ని తెలుగువారు ‘తప్ప’ విషయంలో, ఎవరూ నేర్పకుండానే, పాటిస్తున్నారు.

ఇక మిగిలినది ఫర్. ప్రిపొజిషన్‌గా అది ‘కొరకు’ అనే అర్థంతో ఎల్లవేళలా కనబడుతుంది. కంజంక్షన్‌గా కారణాన్ని మాత్రమే చెబుతుంది. బికాజ్‌తో మొదలైన ఉపవాక్యం ముందుకు రావచ్చు, వెనుకకు పోవచ్చు. ఫర్‌తో మొదలైనది ఎప్పుడూ వెనుకనే ఉంటుంది. సంగతి చెప్పి, ఒక ఊపిరి తీసి, దాని కారణం చెప్పడం ఫర్ లక్షణం. తెలుగు బైబిలు దీనికి ‘ఏలయనగా’ అన్న మాటను స్థిరపరచింది. వ్యాఖ్యానగ్రంథాలలో ‘ఏలనన’ అంతకుముందే ఉన్నది. నేటి వచనంలో ఆ స్థానాన్ని ‘ఎందుకంటే’ ఆక్రమించింది. వాదం నడిచేచోట, ఉపన్యాసంలో, ‘ఎందుకంటే’కు ఎదురులేదు. కథలో మాత్రం పేజీకి నాలుగు చొప్పున అది తగులుతుంటే, కథకుడు పాఠకుణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి పాఠం చెబుతున్నట్లుంటుంది.

దాన్ని తప్పించడానికి కొందరు కారణాన్ని ముందుకు లాగి ‘అలసిపోయాడు కాబట్టి పడుకొన్నాడు’ అని వ్రాస్తారు. వాక్యం తెలుగే, కాని మూలంలోని క్రమం పోయింది. ఒక స్త్రీ రాత్రివేళ తలుపు తట్టిన చప్పుడు విని కూడా తలుపు తీయలేదని చెప్పి, ఆ తరువాత ఫర్‌తో ఆమె భర్త అట్లా తట్టడని చెప్పిన ఇంగ్లీషు వాక్యాన్ని తిరగవేస్తే, ‘ఎందుకు తీయలేదు?’ అని పాఠకుడు ఆ ఒక్క క్షణం పడవలసిన ఆదుర్దా మాయమవుతుంది. తెలుగు మాటలాడేవారు ఈ పనిని వాక్యం చివర ఉంచే చిన్న అవ్యయాలతో చేసుకొంటారు. ‘ఆమె తలుపు తీయలేదు. ఆయన అట్లా తట్టడు కదా’ అనవచ్చు. లేదా ‘ఆయన తట్టే తీరు వేరు మరి’ అనవచ్చు. ఫర్‌కు నిఘంటువులు ఇచ్చే అర్థాలలో ‘కదా’, ‘మరి’ అన్నవి సాధారణంగా కనబడవు.